విప్పి ఊదుకోవచ్చా?

నవ్వాడు. విప్పి దుమ్ము ఊదుకోవచ్చా అని నేను అడిగితే, ఈ కంప్యూటర్ షాపు ధనంజయ తల వెనక్కి వాల్చి, మెడలో వేలాడే కార్డు ఎగిరేలా నవ్వాడు. నవ్వితే నవ్వాడులే, వాడెవడో, ఈ గంట దాటితే వాడి మొహం నాకు గుర్తుండదు. కానీ నా పక్కన, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్న నా మొగుడు కూడా నవ్వాడు. పెద్దగా కాదు, ముక్కుతో. ఎదుటివాడు నవ్వాడు కదా, మనం ఊరికే ఉంటే బాగుండదని చిల్లర తిరిగిచ్చినట్టు నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండుతూనే ఉంది. మోకాలు తగులుతూనే ఉంది, అది హాయిగానే ఉంది, అదొక మంట. కోపం వచ్చిన మనిషి మోకాలు పక్కకు జరుపుకోవాలి కదా. జరపలేను. ఆషాఢం మొదలయ్యాక ఈ మోకాలు నాకు దొరకడం ఇదే మొదటిసారి.

పెళ్ళయిన కొత్త ఇంకా తీరనే లేదు, ఆషాఢం వచ్చి మధ్యలో కూర్చుంది. ఏర్పేడులో మా అత్త శకుంతలమ్మ నా నుదుట కుంకుమ పెట్టి, "కొత్త కోడలు ఈ నెల అత్త గడప తొక్కకూడదమ్మా, కొత్త అల్లుడు వాళ్ళత్త గడప తొక్కకూడదు. నెలే కదా, కండ్లు మూసి తెరిచేలోపల అయిపోతాది, పోయిరా" అని నన్ను మా పుట్టింటికి, నగరి బస్సు ఎక్కించింది. కళ్ళు మూస్తే ఎవరు కనిపిస్తారో ఆమెకు తెలియదా? తెలుసు, ఆమె కూడా ఒకప్పుడు కొత్త కోడలే. అందుకే మాకు రెండు గడపలూ కాని చోటొకటి కావాల్సి వచ్చింది. ఆషాఢం తగ్గింపు అని తిరుపతి షాపులన్నీ బోర్డులు కట్టాయి, మునిచంద్ర ఫోన్ చేసి, "కోమలీ, కంప్యూటర్ చూసొద్దాం రా" అన్నాడు, మామిడితోటకు పిలిచినట్టు అన్నాడు. మునిచంద్ర అని పేరు పెట్టి మనసులోనే పిలుస్తాను, ఎన్నిసార్లు పిలిచినా అరగదు ఆ పేరు. బయటికి మాత్రం ఏమండీ. కిటికీ సీటు దొరికిందని మురిసిపోతూ, వడమాలపేట దాటాక విమానమొకటి రేణిగుంట వైపు బొజ్జ చూపించుకుంటూ దిగుతుంటే చూసి మురిసిపోతూ వచ్చాను. బస్టాండులో ఆయన నేరేడు పండ్ల పొట్లంతో నిలబడి ఉన్నాడు. ఉప్పు కారం చల్లినవి. షాపు మెట్ల దాకా తింటూనే వచ్చాం, ఇద్దరి నాలుకలూ ఊదా రంగు, ఒకరి నాలుక ఒకరికి చూపించుకుని గాజు తలుపు ముందు నవ్వుకున్నాం. అది నవ్వంటే. అది చిల్లర నవ్వు కాదు.

లోపలికి రాగానే ఈ ధనంజయ అడిగిన మొదటి మాట, "ఎవురు వాడేది సార్?" నేను నోరు తెరిచేలోపు మునిచంద్ర చెప్పేశాడు. "ఇంట్లోకి అప్పా. సినిమాలు, ఫొటోలు. రేపు పిల్లోళ్ళు పుడితే వాళ్ళ చదువులకు." పుట్టని పిల్లలకు కూడా ఆ కంప్యూటర్లో వాటా దొరికింది. పుట్టి, పెరిగి, ఈ తిరుపతిలోనే డిగ్రీ చదివి, పక్కనే కూర్చున్న నాకు దొరకలేదు. నిన్న రాత్రి ఫోన్లో ఏమన్నాడు? నీ డిజైన్ల కోసమే కొందాం అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు, నాకు తెలుసు. మరి ఎదురుగా ఇంకో మగవాడు కూర్చుని ప్రాసెసర్, గ్రాఫిక్స్, రిఫ్రెష్ రేటు అని మొదలుపెట్టగానే అదంతా ఎక్కడికి పోయింది? ఆ పదాలు నాకు తెలియనివా? పెళ్ళికి ముందు నుంచీ, నాలుగేళ్ళుగా కంప్యూటర్ మీద చీరల అంచులు వేస్తున్నాను. నేను గీసిన అంచు నగరిలో మరమగ్గం మీద చీరై, చెన్నైలో ఎవరో అమ్మాయి పెళ్ళిలో కట్టుకుంటుంది. ఆ అమ్మాయికి నేను తెలియదు, ఫర్వాలేదు. ఈయనకు తెలుసు కదా. నిశ్చితార్థం నాడు నేను గీసిన అంచునే వేలితో తడిమి, ఇది నిజంగా నువ్వే వేశావా అని అడిగాడు కదా.

బల్ల మీద రెండు ఉన్నాయి. ఒకటి తెల్లది. తెర వెనకాలే మెషిన్ అంతా అతికించేశారు, పక్క నుంచి చూస్తే అప్పడం మందం, ఎక్కడా ఒక్క మర కనిపించదు. రెండోది నల్లటి డబ్బా, బల్ల కింద పెట్టుకునేది, తెర వేరు, కీబోర్డు వేరు, వెనకంతా మరలూ రంధ్రాలూ. తెల్లదాని ధరలో సగం కూడా లేదు నల్లది. "తెల్లది ఒకసారి పెట్టినారంటే పదేండ్లు సూడబన్లేదు సార్, సౌండు రాదు, వేడెక్కదు, ఏఐ చిప్పు లోపలే ఉండాది" అని ధనంజయ చెబుతుంటే మునిచంద్ర కళ్ళు మెరుస్తున్నాయి. "ఆ డబ్బా అసెంబుల్డు సార్. డీటీపీ సెంటర్లోళ్ళు కొంటారు. మేడమ్‌కి కూడా ఇదే నచ్చుతాది, హాల్లో షోకేసు మాదిరిగా ఉంటాది." మేడమ్‌కి నచ్చుతుందట! మేడమ్ అక్కడే ఉంది, మేడమ్‌ను అడగొచ్చు. తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చా అని నేను అడిగితే వాడు జవాబు మునిచంద్రకు చెప్పాడు. "దీంట్లో మళ్ళా వేసేదానికి కాదు సార్, ర్యామ్ రేట్లు కూడా మండిపోతా ఉండాయి, ఇప్పుడే పెద్దది తీసుకోండి." అంటే ఎప్పుడో కావాల్సినదానికి ఇప్పుడే కట్టాలి. నల్లదానిలో ర్యామ్ గాళ్ళు రెండు ఖాళీగా ఉన్నాయి, కావాల్సినప్పుడు కొని గుచ్చుకోవచ్చు. ఈ మాట వాడు చెప్పలేదు, డబ్బా పక్కనున్న అట్ట మీద నేనే చదువుకున్నాను. తెల్లదానికి వెనక రెండే సన్నటి సందులు. నా డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు బొటనవేలంత తాళం ఒకటుంటుంది, అది గుచ్చితేనే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, ఆ తాళం ఆ సందుల్లో దూరదు. దూరేలా ఏదో ముక్క తగిలించినా లాభం లేదు, తెల్లదాని సిస్టమ్ వేరు, నా ప్రోగ్రామ్ దానిలో నడవనే నడవదు. అంటే నా పని వరకు అంత ఖరీదైన ఆ మెషిన్ ఒక అద్దం. మొహం చూసుకోవచ్చు.

కానీ తప్పు నాది కూడా ఉంది, ఉందని ఒప్పుకోవడానికి ఇంకా కోపం వస్తోంది. పెళ్ళయిన వారానికి మా తోడికోడలు ప్రశాంతి భోజనానికి పిలిచింది. వాళ్ళ హాల్లో ఇదే తెల్లది, మీద లేసు గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీసి మా పెళ్ళి ఫొటోలు పెట్టింది. తలంబ్రాల ఫొటోలో నా ముక్కు మీద అంటుకున్న బియ్యపు గింజ కూడా కనిపించింది. "అబ్బ, ఎంత బాగుందో!" అన్నాను. నేను అంతే, అరటిపువ్వు వడకూ అంటాను, ఆర్టీసీ బస్సుకు కొత్త రంగేస్తే దానికీ అంటాను. ఈయన ఆ మాట తీసుకెళ్ళి ఎక్కడో జేబులో దాచుకున్నాడు. ఏర్పేడు దగ్గర కాలేజీ క్యాంపస్‌లో ల్యాబ్ టెక్నీషియన్ జీతం, నెలనెలా వాయిదాలు, అయినా నేను అబ్బ అన్నదే కొనిపెట్టాలని కూర్చున్నాడు. ఇంత ప్రేమను ఎలా తిట్టాలి? షాపులో, ధనంజయ ముందు, నువ్వు చూస్తున్నది వద్దండీ అంటే ఈయన మొహం ఏమవుతుంది? కొత్త కోడలు ఎంత నిదానస్తురాలో అని మెచ్చుకునే ఏర్పేడు ఏమవుతుంది? అందుకే మెల్లగా, చుట్టు తిప్పి, విప్పి ఊదుకోవచ్చా అని అడిగాను. ఈ తెల్లదాన్ని విప్పలేమని వాడి నోటితోనే వస్తే ఈయనకే అర్థమవుతుందిలే అనుకున్నాను. నవ్వారు.

ఎందుకు నవ్వాలి దానికి? వీళ్ళెవరైనా మరమగ్గాల షెడ్డులో ఒక పూట కూర్చున్నారా? నగరిలో మా ఇంటి వెనక, వేరే వీధిలోకి తెరుచుకునే షెడ్డు అది. పడుగు చుట్టిన బీములు వీధిలోంచి మగ్గం దాకా దొర్లుకుంటూ రావాలని నాయన నేలంతా ఒకే మట్టంగా పోయించాడు. మగ్గాలు ఆడుతుంటే నూలు దుమ్ము గాల్లో లేస్తుంది, రెప్పల మీద వాలుతుంది, సాయంత్రానికి నాయన కనుబొమలు తెల్లబడి తాతలా కనిపిస్తాడు. ఆ షెడ్డు మూలలో, పాత చీర కప్పుకుని నా కంప్యూటర్. గీసింది గీసినట్టు అక్కడే మగ్గం మీద చూసుకోవాలి కాబట్టి అది అక్కడే ఉండాలి. శుక్రవారం మగ్గాలు తుడిచేటప్పుడు నాయన దాని పక్క మూత విప్పుతాడు, నేను సైకిల్ పంపు పట్టుకుని కొడతాను, లోపలి నుంచి దూది ఉండలు ఉండలుగా వస్తుంది, పిల్లి చెవిలోంచి వచ్చినట్టు. ఊదకపోతే ఫ్యాను తిరగదు, వేడెక్కి ఆగిపోతుంది. అలా ఊదీ ఊదీ ఇన్నేళ్ళు బతికించాం. పోయిన వారం నల్లటి తెర మీద ఏదో తెల్లటి వాక్యం రాసి ఇక లేవలేదు. నగరిలో నూలు దుమ్ము, ఏర్పేడులో రోడ్డు మీద లారీల దుమ్ము. ఏ దుమ్మూ లేని ఇల్లు ఈ ధనంజయకు ఎక్కడుందో నాకు చూపించమనండి, నేనూ నవ్వుతాను.

సరిగ్గా ఇప్పుడే ఆగాలా అది. చింతాకు అంచు సగంలో ఉంది. దీపావళి చీరలకు మునివెంకటప్ప అడిగిన అంచు. ఆయన మగ్గాలే నగరిలో ఎక్కువ, నాకు మొదటి పని ఇచ్చిన మనిషి. పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి, నాయన పక్కన నిలబడి, "ఇంకేం మునిరత్నం, పాప ఏర్పేడు పాయె. ఇంక డిజైన్లు ఎవురికన్నా చూడాల" అన్నాడు. చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు, నేను పక్కనే పట్టుచీరలో ఉన్నాను. నేనే పోయి అడిగితే, "సరే పాపా, ఆషాఢం దాటే లోపల అంచు నా చేతికిస్తే నా పని ఎప్పటికీ నీదే. లేదంటే కాంచీపురం పోతా" అన్నాడు. ఈయనకు ఇదంతా చెప్పాను. చెప్పినా, ఇప్పుడు వింటున్నాను, ధనంజయతో అంటున్నాడు, "ఇప్పుడు బుక్ చేస్తా గానీ డెలివరీ శ్రావణంలో ఏర్పేడుకి పంపప్పా. ఆషాఢంలో కొత్త వస్తువంటే మా అమ్మ ఒప్పుకోదు." శ్రావణంలో! శ్రావణానికి చింతాకు కాంచీపురంలో రాలుతుంటుంది. నా మోకాలు దానంతట అదే పక్కకు జరిగింది. ఆయన గమనించాడు. తిరిగి చూశాడు. ఏమైందన్నట్టు కళ్ళెగరేశాడు. ఏమైందా!

నాయన పాత మగ్గం కొనడానికి పోతే సొంత నూలు పట్టుకుపోతాడు. అమ్మేవాడు ఎంత నునుపుగా మాట్లాడనీ, ఆ నూలు అతికించి, జానెడు నేసి, ఆ జానెడు గుడ్డను వెలుగుకు ఎత్తి చూసి గానీ బయానా ఇవ్వడు. నాకు వచ్చిన చదువంతా ఒక ఎత్తు, ఆ జానెడు గుడ్డ ఒక ఎత్తు. బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీశాను. "దీన్ని పెట్టి సూపించండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ధనంజయ మళ్ళీ మునిచంద్రనే చూశాడు. "బయటి పెన్‌డ్రైవులు పెట్టకూడదు సార్, వైరస్ వస్తాది." మునిచంద్ర ఏమనుకున్నాడో, "పెట్టప్పా, ఆమె పని అది" అన్నాడు. ఆ మాటకు నా కోపం ఒక అంగుళం తగ్గబోయింది, తగ్గనివ్వలేదు. వాడు ఏదో ముక్క తగిలించి పెట్టాడు. సాఫ్ట్‌వేర్ లేకపోయినా బొమ్మగా దాచిన కాపీ ఉంది కదా, అది తెరుచుకుంది. నిజం చెప్పాలి, ఆ తెల్ల తెర మీద నా చింతాకులు ఎంత పచ్చగా ఉన్నాయో! రెమ్మకు అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు, కొసన బంగారు జరీ చుక్క. అబ్బ అని నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. దగ్గరికి లాగితే ఆకుల అంచులు మెట్లు మెట్లుగా కనిపించాయి, అలాగే కనిపించాలి. "కొంచెం గరుగ్గా ఉండాది, ఒక్క నిముషం సార్, ఏఐ పవరు సూడండి" అంటూ ధనంజయ ఏదో నొక్కాడు. మెట్లన్నీ వెన్నలా కరిగిపోయాయి. ఆకులు నున్నగా, నీళ్ళలో కడిగినట్టు అయ్యాయి. ఎక్కడి నుంచో లేని ఈనెలు కూడా వచ్చి చేరాయి. "చూడు కోమలీ, ఎంత బాగుండాదో!" అన్నాడు నా మొగుడు. నేను ప్రశాంతి ఇంట్లో అన్న గొంతుతోనే.

"ఆపండి" అన్నాను. పక్క బల్ల దగ్గర ప్రింటర్ బేరమాడుతున్న వాళ్ళు కూడా ఆగారు. "ఎవురు చెప్పినారు మీకు నున్నగా చేయమని? ఆ ఒక్కో మెట్టు ఒక్కో గడి, ఒక్కో గడి ఒక్కో పడుగు పోగు. ఏ పోగు లేపాల, ఏ పోగు దించాల అని మగ్గానికి చెప్పేది ఆ గడే. దాన్ని చెరిపేస్తే మగ్గం ఏం నేస్తాది, మీ ఏఐ తలకాయ నేస్తాదా? ఒక్కో ఆకు ఎన్ని రోజులు కూర్చోని వేసినానో తెలుసునా? మీకు నచ్చినట్టు ఈనెలు గీసేసినారే, అడిగినారా నన్ను? వచ్చినకాణ్ణుంచి ఒక్క మాటన్నా నన్ను అడిగినారా మీరిద్దరూ?" ఇద్దరూ అని అనకుండా ఉండాల్సింది. అనేశాను. ఊదా నాలుకతో ఇంత కోపం ఎలా కనిపించి ఉంటుందో దేవుడికెరుక. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. నిదానస్తురాలైన కోడలు ఆ చప్పుడులో ఎటో వెళ్ళిపోయింది, పోతే పోనీ, దాన్ని నేను పెద్దగా ఎరగను. మునిచంద్ర నన్ను చూడలేదు, తెరను చూశాడు. ఇక అయిపోయింది, షాపులో మొగుడి పరువు తీశాను, నగరిలో అమ్మకు తెలిస్తే చంపుతుంది, అనుకుంటున్నాను.

"ముందుది పెట్టప్పా" అన్నాడు. మెట్ల ఆకులు తిరిగి వచ్చాయి. వంగి, ఒక ఆకు కొస నుంచి రెమ్మ దాకా వేలితో మెట్టు మెట్టుగా దిగాడు, నిశ్చితార్థం నాడు తడిమినట్టే. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు. "మా ల్యాబులో మెషిన్ గ్రాఫు గీస్తాది. గతుకులు గతుకులుగా ఉంటాది. చూసేదానికి బాగుండాలని ఎవురో దాన్ని నున్నగా చేసి పంపినారు ఒకసారి. వారం రోజుల రీడింగులు పోయినాయి. నేను ఎంత అరిచినానో." వేలు ఇంకా రెమ్మ మీదే ఉంది. "నీ మాదిరే అరిచినా." ఇంతకన్నా పెద్ద క్షమాపణ ఈయనకు చేతకాదని నాకు పెళ్ళి నాటికే తెలిసి ఉండాల్సింది. తెలియదు. ఇప్పుడు తెలిసింది, బాగుంది, అబ్బ ఎంత బాగుంది, కానీ నవ్వు సంగతి? ముక్కుతో నవ్విన నవ్వు? అది అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు.

"ఆ నల్లదాని పక్క మూత విప్పు" అన్నాడు ధనంజయతో. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, రెండు మరలు వేళ్ళతోనే వచ్చాయి. మూత తీస్తే లోపల ఎంత చోటుందో! నాయన చెయ్యి దూరుతుంది, సైకిల్ పంపు గొట్టం దూరుతుంది. ఖాళీ గాళ్ళు రెండూ నా కోసం సర్ది ఉంచినట్టు కనిపించాయి. బ్యాగులోంచి నా తాళం తీసి గుచ్చాను, కళ్ళు తెరిచినట్టు ఎర్ర చుక్క వెలిగింది. పెన్‌డ్రైవ్ కూడా దీనికే మార్చి అంచు తెరిచాను. నల్లదాని తెర అంత గొప్పది కాదు, రంగు కొంచెం పాలిపోయింది, పాలిపోనీ, రంగు నూలులో ఉంటుంది. గడులు గడులుగానే ఉన్నాయి. మెషిన్ ఆపేశాక, ఎవరూ చెప్పకుండానే వంగి, లోపలికి ఉఫ్ అని ఊదాను. ఫ్యాను రెక్క బద్ధకంగా ఒక చుట్టు తిరిగింది. ఈసారి ధనంజయ నవ్వలేదు, బిల్లు పుస్తకం కోసం చూస్తున్నాడు, ఏది అమ్ముడైనా వాడికి ఒకటే. "ఇదే రాయప్పా. కరెంటు పోతే ఆగకుండా ఒక యూపీఎస్ కూడా" అన్నాడు మునిచంద్ర. "డెలివరీ శ్రావణంలో ఏర్పేడుకి కదా సార్?"

"కాదు" అన్నాను. "రేపే. నగరికి."

మునిచంద్ర మొహం పడిపోయింది. అంతసేపూ పడనిది ఇప్పుడు పడింది. చిన్నగా, నాకే వినిపించేలా అన్నాడు. "నగరికైతే ఎట్ల? నేనే బిగిస్తా అనుకుంటి. మీ అమ్మ గడప తొక్కకూడదంట కదా నేను." ఓహో. శ్రావణం ఎందుకో ఇప్పుడు తెలిసింది. అత్త మాట ఒక్కటే కాదు, నా పక్కన కూర్చుని మరలు బిగించాలని ఈ మనిషి ఎన్ని రోజుల నుంచి అనుకుంటున్నాడో. చెప్పొచ్చు కదా నోరు తెరిచి. ఎంత కోపం వచ్చిందంటే ఏడుపొచ్చింది. "మా వాళ్ళు వస్తారు సార్, బిగించేది ఫ్రీనే" అన్నాడు ధనంజయ. "నువ్వుండప్పా" అన్నాం ఇద్దరం ఒకేసారి.

మోకాలు మళ్ళీ ఉన్న చోటికి తెచ్చి పెట్టాను. "ఇంట్లో కాదు పెట్టేది, షెడ్డులో" అన్నాను. "బీములు దొర్లేదానికి అడ్డమని నాయన షెడ్డుకు గడపే పెట్టించలేదు." ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది, అర్థమయ్యాక వెలుగు మొహమంతా పాకింది, ఊదా నాలుక కనిపించేలా నోరు తెరిచాడు. నవ్వబోతున్నాడు. నవ్వనివ్వలేదు. "ఆదివారం పొద్దున్నే రాండి. వీధి వైపు నుంచి రాండి. మూత నేను విప్పుతా, పంపు మీరు కొట్టండి. ఇందాక ముక్కుతో నవ్వినారే, దాని సంగతి కూడా ఆడనే తేల్చుకుందాం" అన్నాను. ఆదివారం మగ్గాలు ఆడవు. షెడ్డులో చీమ నడిచినా వినిపిస్తుంది, నేను అనబోయేది ఒక్క మాట కూడా పోదు.